అద్దె డ్రెస్ వద్దన్నాక: చెన్నై అపార్ట్‌మెంట్‌లో ఒక వేషాల పండగ, కేస్ స్టడీ

నేను చెన్నైలో పిల్లలతో నాటకాలు వేయిస్తాను. స్కూళ్లలో కొంత, అపార్ట్‌మెంట్లలో ఎక్కువ. పండగలు వస్తున్నాయంటే అసోసియేషన్ వాళ్లు ఫోన్ చేసి "పిల్లలతో ఏదైనా చేయించండి" అంటారు, ఆ ఏదైనా అనేది చివరికి ఫ్యాన్సీ డ్రెస్ దగ్గర తేలుతుంది. ఇక్కడ రాస్తున్నది దక్షిణ చెన్నైలో ఒక అపార్ట్‌మెంట్ సంగతి. ఎవరూ గుర్తుపట్టకుండా ఇళ్ల లెక్క, పిల్లల వయసులు, ఒకరిద్దరి ఉద్యోగాలు మార్చాను. జరిగిన వరస మాత్రం మార్చలేదు. ఎందుకంటే ఇందులో నేర్చుకోవలసింది ఆ వరసలోనే ఉంది.

నేపథ్యం

నూట యాభై దాకా ఇళ్లు, నాలుగు బ్లాకులు. ఎక్కువమంది తమిళులు. ముప్పై నలభై తెలుగు ఇళ్లు, కొన్ని మలయాళీ కుటుంబాలు, కొన్ని ఉత్తరాది కుటుంబాలు. తెలుగువాళ్లలో మళ్లీ రెండు రకాలు. తాత ముత్తాతల నుంచి మద్రాసులోనే ఉండి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో చదువుకున్నవాళ్లు ఒకరు, ఐటీ ఉద్యోగాల కోసం నెల్లూరు నుంచో గుంటూరు నుంచో వైజాగ్ నుంచో వచ్చినవాళ్లు ఇంకొకరు. ఈ ఇద్దరి మధ్య కూడా లిఫ్టులో నవ్వుకోవడం తప్ప రాకపోకలు లేవు.

ఏటా ఆగస్టు 15న క్లబ్ హౌస్‌లో "దేశ నాయకులు" అని ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెడతారు. రెండు రోజుల ముందు డ్రెస్సులు అద్దెకిచ్చే షాపుకి వెళ్లి, డిపాజిట్ కట్టి, అక్కడ ఏ సైజు ఉంటే ఆ నాయకుణ్ణి తెచ్చుకుంటారు. ఒక ఏడాది ముగ్గురు ఝాన్సీ రాణులు, ఐదుగురు గాంధీలు వచ్చారట. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, మైకు, మూడు బహుమతులు.

సమస్య ఎలా మొదలైంది

నన్ను పిలవడానికి ముందు ఏడాది, ఎనిమిదేళ్ల తెలుగు బాబు ఒకడు అల్లూరి సీతారామరాజు వేషం వేశాడు. కాషాయం, విల్లు, వీపున అంబుల పొది. స్టేజీ ఎక్కగానే యాంకరింగ్ చేస్తున్న అమ్మాయి పేరు చీటీ చూసుకోకుండా, విల్లు చూసి, "ఇదిగో మన బుజ్జి రాముడు!" అని పిలిచింది. జనం చప్పట్లు కొట్టి జై శ్రీరామ్ అన్నారు. బాబు మైకు దగ్గరికి వెళ్లి "నేను రాముణ్ణి కాదు" అన్నాడు. అది విన్నవాళ్లు నవ్వారు. వాడు కాసేపు అక్కడే నిలబడి, ఏమీ మాట్లాడకుండా వెనక మెట్ల మీంచి దిగిపోయాడు. ఆ తర్వాత వాడు స్కూల్లో కూడా స్టేజీ ఎక్కడం మానేశాడని వాళ్లమ్మ చెప్పింది.

వారం తిరిగేసరికి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో "మన పండగలు మనమే వేరుగా చేసుకుందాం" అనే మాట మొదలైంది. పోటీ జరిగిన సాయంత్రమే రెండో బహుమతి మీద ఇంకో రెండు కుటుంబాలకు మాటలు పోయాయి. మరుసటి ఏడాది జూలైలో సెక్రటరీ గారు నన్ను పిలిచి, "ఈసారి గొడవ లేకుండా చూడండి" అన్నారు.

ముందు అందరితో విడివిడిగా మాట్లాడాను. బాబు వాళ్ల నాన్న దృష్టిలో ఇది భాష సమస్య: మనవాళ్లెవరో ఇక్కడ ఎవరికీ తెలియదు. సెక్రటరీ గారి దృష్టిలో బహుమతుల సమస్య. నా దృష్టిలో సమాచారం సమస్య: అల్లూరి ఎవరో చెబితే సరిపోతుంది అనుకున్నాను. వాళ్లమ్మ ఒక్కతే అసలు సంగతి చెప్పింది, నేనప్పుడు పట్టించుకోలేదు. "డ్రెస్ ముందు రోజు రాత్రి తెచ్చామండీ. మూడు వాక్యాలు బట్టీ పట్టించాను. నేను రాముణ్ణి కాదు అన్నాడు గానీ, మరి నేనెవరు అన్నది వాడికీ తెలియదు కదా."

చేసింది, పనిచేయనిది

ఆ ఆగస్టు 15కి బహుమతులు తీసేయించాను. వీరుల జాబితా ఒకటి తయారుచేసి, ఒక్కొక్కరికీ ఐదు వాక్యాలు తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో రాసిచ్చాను. యాంకరు పేరు తప్పు చదివే అవకాశం లేకుండా వెనక తెర మీద పేరు, ఫొటో వేయించాను. కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ రోజు జరిగింది వేరు. ముందు వరసలో అమ్మలు పెదవులు కదుపుతుంటే పిల్లలు వాళ్ల నోళ్లు చూసి చెప్పారు. ముప్పై మంది పిల్లలు, ముప్పై పుట్టిన తేదీలు. పదో పిల్లకే పెద్దలు ఫోన్లు తీశారు. ఎవరికి ఎవరూ కొత్తగా తెలియలేదు.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి చేశాను. నెల్లూరు అమ్మాయి ఒకతె, పదకొండేళ్లది, పొట్టి శ్రీరాములు వేస్తానంది. ముందస్తు మీటింగులో ఒక పెద్దాయన, రిటైరైన తమిళ స్కూల్ మాస్టారు, అభ్యంతరం చెప్పారు. "ఆయన మద్రాసు కావాలని అడిగినవాడు. ఆయన్ని మా ఊళ్లో మేం సత్కరించాలా?" అన్నారు. గట్టిగా అరవలేదు, నొచ్చుకుని అన్నారు. కార్యక్రమానికి పన్నెండు రోజులే ఉంది, ఇప్పుడు ఇది కదిలిస్తే మొత్తం చెడుతుందని భయపడి నేను ఆ పేరు జాబితాలోంచి తీసేసి అమ్మాయికి సరోజినీ నాయుడు ఇచ్చాను. గొడవైతే ఆగింది. తెలుగు ఇళ్లలో సగం మంది ఆ రోజు కిందికి దిగలేదు. గొడవ రాకపోవడాన్ని కలిసి ఉండడం అనుకున్నాను.

దారి మారిన చోటు

కార్యక్రమం అయ్యాక కుర్చీలు మడుస్తుంటే, పాత మద్రాసు తెలుగు కుటుంబంలోని ఒక మామ్మగారు నా పక్కన కూర్చున్నారు. ఆవిడ మైలాపూరులో పెరిగారు. "మా చిన్నప్పుడు నవరాత్రికి పిల్లలకి వేషాలు వేసి ఇంటింటికీ పంపేవారమ్మా. కృష్ణుడో, ఆండాళో, కవి భారతియారో. మా ఇంటికి బొమ్మల కొలువుకి రండి అని పిలవడానికి. వేసిన వేషానికి ప్రతి ఇంట్లో కాస్త సుండల్, అదే గుగ్గిళ్లు, పెట్టేవారు. స్టేజీ ఏముంది, గడపే స్టేజీ" అన్నారు.

ఆ మాటతో నాకు మా అమ్మమ్మ వాళ్ల ఊరు గుర్తొచ్చింది. కృష్ణా జిల్లాలో మా చిన్నప్పుడు పగటివేషగాళ్లు వచ్చేవారు. రోజుకో వేషం: అర్ధనారీశ్వరుడు, బుడబుక్కల, సోమయాజులు సోమిదేవమ్మ. వాళ్లు మన అరుగు మీద కూర్చుని మన ఇంట్లోవాళ్లనే పేరుపెట్టి పలకరించి, మనల్ని ఆటలోకి లాగేవారు. కొన్నాళ్లు ఊళ్లో ఆడి, చివర్లో వచ్చి సంభావన అడిగేవారు. అక్కడ చూసేవాళ్లు నలుగురైదుగురే. దూరం రెండడుగులు. ఎదుటి మనిషి అడిగే ప్రశ్నకి వేషంలో ఉండగానే జవాబు చెప్పాలి, అంటే ఆ పాత్ర ఎవరో తెలిసి తీరాలి. మూడొందల మంది ముందు రెండు నిమిషాల మైకులో అది ఎప్పటికీ కుదరదు.

అప్పుడు సెక్రటరీ గారిని నవరాత్రికి మూడు సాయంత్రాలు అడిగాను. స్టేజీ వద్దు, మైకు వద్దు, పోటీ వద్దు. ఐదుగురేసి పిల్లలు ఒక జట్టు, జట్టు సాయంత్రానికి ఎనిమిది ఇళ్లు. నవరాత్రి అనగానే హిందువుల ఇళ్లకే పరిమితమైపోతుందేమో అన్న సందేహం నాకు మొదటి నుంచీ ఉంది, అందుకే ఇంట్లో కొలువు ఉండాలన్న షరతు పెట్టలేదు, తలుపు తీసే ఇల్లు అయితే చాలు అన్నాం. క్రైస్తవ కుటుంబం ఒకటి పేరు ఇచ్చింది, ముస్లిం కుటుంబాలు రెండు ఇచ్చాయి. మా ఇంటికి వద్దు అన్నవాళ్లను ఎందుకని అడగకుండా వదిలేశాం.

ఇక వేషం విషయం. అద్దె డ్రెస్ తేకూడదు. ఇంట్లో ఉన్న బట్టలతోనే వేయాలి. కానీ ఒక వస్తువు మాత్రం వేరే బ్లాకులో, తమకు పరిచయం లేని ఇంట్లో అడిగి తెచ్చుకోవాలి, అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. ఇంకో షరతు, ఆ వీరుడు లేదా వీరవనిత చేసిన ఒక్క పని చేసి చూపించాలి. పుట్టిన తేదీలు, బిరుదులు చెప్పక్కర్లేదు.

ఈ అడిగి తెచ్చుకోవడం మీద తల్లిదండ్రులు చాలా ఇబ్బంది పడ్డారు. "తెలియని ఇంటికి వెళ్లి ఏం అడుగుతామండీ, బాగోదు. కావాలంటే మేమే స్వీట్లు పంచుతాం" అన్నారు. నేను పట్టు వదల్లేదు, దానికి కారణం ఉంది. స్వీట్లు ఏటా పంచుతూనే ఉన్నారు. ఇచ్చి వచ్చేస్తే అక్కడితో అయిపోతుంది, తలుపు మూసుకుంటుంది. అడిగి తెచ్చుకుంటే మనం బాకీ పడతాం, ఇచ్చినవాళ్లకి తమ వస్తువు ఏమవుతోందో చూడాలని ఉంటుంది, కనీసం రెండోసారి తలుపు కొట్టక తప్పదు.

పనిచేసినవి

మొదట కుదిరింది దుర్గాబాయి. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన పిల్ల. అప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్లు. ఆమె తర్వాత 1937లో ఇదే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మా దుర్గాబాయి పన్నెండేళ్ల మలయాళీ అమ్మాయి. తెల్ల చీర వాళ్లమ్మది, ఖద్దరు సంచీ డి బ్లాకులో అడిగి తెచ్చింది. జట్టు కంటే ముందే వెళ్లి ఆ ఇంటి గడపలో అడ్డంగా నిలబడి, లోపలికి వెళ్లబోయే ప్రతివాళ్లనీ "టికెట్?" అని అడిగేది. సెక్రటరీ గారు వస్తే ఆయన్నీ ఆపింది. "నేను సెక్రటరీనమ్మా" అంటే, "అయితే ఎవరైనా కొనిపెడతారేమో చూడండి సార్" అంది. అసలు కథలోనూ నిర్వాహకులు టికెట్ కొన్నాకే నెహ్రూని వదిలారు. ఇంటావిడ నవ్వుతూ ఒక కాగితం ముక్క చింపి ఇచ్చాక వదిలిపెట్టింది. ఆ ఇంట్లో ఎవరూ ఫోన్ తీయలేదు.

తిరుప్పూర్ కుమరన్ వేసిన తమిళ బాబు మాట ఒక్కటీ లేకుండా చేశాడు. 1932 జనవరిలో లాఠీ దెబ్బలకి పడిపోయినా జెండా కింద పడనివ్వకుండా ప్రాణం వదిలిన యువకుడు కుమరన్. ఈ బాబు ఎనిమిది ఇళ్లూ, మెట్ల మీదా, లిఫ్టులోనూ జెండా దించలేదు. చేయి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకున్నాడు. సుండల్ పెడితే చెల్లెలు నోట్లో పెట్టింది. ఒక తెలుగు ఇంట్లో మామ్మగారు వాడి చేతిలో జెండా చూసి, "1921లో బెజవాడలో గాంధీ గారికి జెండా నమూనా ఇచ్చింది మా పింగళి వెంకయ్య గారు నాన్నా" అని మొదలుపెట్టారు. అక్కడ ఆ జట్టు పావుగంట ఆగిపోయింది. నేను మూడు భాషల్లో రాసిచ్చిన ఐదు వాక్యాలు చేయలేని పని అది.

ప్రకాశం పంతులు వేసే బాబుకి నల్లగౌను కావాల్సి వచ్చింది. 'ఎ' బ్లాకులో, హైకోర్టులో చాలా ఏళ్లు ప్రాక్టీసు చేసిన ఒక తమిళ పెద్దాయన ఉన్నారని వాచ్‌మన్ చెప్పాడు. ఆయన బీరువా పై అర నుంచి గౌను తీసి దులిపారు. మెడ దగ్గర అరిగి దారాలు లేచి ఉంది, లోపలివైపు లాండ్రీ గుర్తు ఎర్ర దారంతో కుట్టి ఉంది. బాబు తొడుక్కుంటే జానెడు నేల మీద జీరాడింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చుట్టూ పిన్నీసులు పెడుతూ, ఏం చేసి చూపిస్తావు అని అడిగారు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా జరిగిన హర్తాళ్‌లో పోలీసులు కాల్చి చంపిన మనిషిని చూడ్డానికి వెళుతుంటే తుపాకులు అడ్డంపెట్టారని, ప్రకాశం గారు చొక్కా విప్పి కాల్చమన్నారని బాబు చెప్పాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, "అది మా కోర్టు పక్కనే జరిగింది. కానీ అప్పటికి ఆయన ప్రాక్టీసు వదిలేసి పత్రిక నడుపుతున్నారు కదా. ముందు ఈ గౌను తీసి ఎవరి చేతికైనా ఇవ్వు. ఆ తర్వాత చొక్కా గుండీలు విప్పు" అన్నారు. నాకు ఆ ఆలోచన రాలేదు. ఒక మనిషి ఏం వదులుకుని ఆ తుపాకుల ముందుకి వెళ్లాడో ఆ ఒక్క కదలికతో తెలిసిపోయింది. మూడు సాయంత్రాలూ ఆయన ఆ జట్టు వెంటే నడిచి, ప్రతి ఇంట్లోనూ గౌను అందుకునే మనిషి అయ్యారు.

పొట్టి శ్రీరాములు సంగతి మళ్లీ ఎత్తాను. ఈసారి మాస్టారి ఇంటికి అమ్మాయినీ వాళ్లమ్మనీ తీసుకుని వెళ్లాను. దాచకుండా మాట్లాడాలని ముందే అనుకున్నాం. శ్రీరాములు గారు మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం కోసమే 1952 అక్టోబరు 19న మైలాపూరులో నిరాహారదీక్షకు కూర్చున్నారు, డిసెంబరు 15న పోయారు, రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. అమ్మాయి ఇదంతా చెప్పి, తను చూపించదలచుకున్నది అది కాదంది. అంతకుముందు ఆయన హరిజనుల ఆలయ ప్రవేశం కోసం నెల్లూరులో నిరాహారదీక్ష చేశారు, మెడలో అట్ట తగిలించుకుని ఎండలో చెప్పుల్లేకుండా ఊరంతా తిరిగారు. అలా తిరుగుతానంది. మాస్టారు వెంటనే సరేనని అనలేదు. "మద్రాసు సంగతి అడిగితే ఏం చెబుతావు?" అన్నారు. "అడిగారని చెబుతాను, రాలేదని కూడా చెబుతాను తాతా" అంది. అట్ట మీద తమిళంలో రాసిన వాక్యం చూసి, రెండు తప్పులు దిద్ది ఇచ్చారు. ఆయన మనసు మారిందని నేను అనను. కానీ తప్పు అక్షరాలతో ఆ అట్ట వీధిలోకి వెళ్లడం ఆయనకి ఇష్టం లేకపోయింది, నాకు అదే ఎక్కువ అనిపించింది.

నేను బాగా ఆలోచించాల్సి వచ్చిన వేషం ఇంకొకటి. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై జాలర్లు పడవలు తెచ్చి మునిగిన ఇళ్లలోంచి జనాన్ని బయటికి తీశారు. ఈ అపార్ట్‌మెంట్లో కింది అంతస్తువాళ్లు కొందరు అలా బయటపడినవాళ్లే. ఒక అమ్మాయి జాలరి వేషం వేస్తానంటే ఇంట్లోవాళ్లు తటపటాయించారు. నా సందేహం వేరు. బతికున్న మనుషుల, అందులోనూ కష్టం చేసుకునేవాళ్ల బట్టలు మనం వేసుకుంటే అది గౌరవమా, వేళాకోళమా? మూడు రోజులు ఆలోచించి ఒకటి తేల్చుకున్నాను: ఆ పని చేసే మనిషి ముందు వేయగలిగితేనే వేయాలి. గేటు దగ్గర చేపలమ్మే అక్క వాళ్ల అన్నయ్య అప్పుడు పడవ నడిపినవాడు. అమ్మాయి వెళ్లి అడిగితే తాడు ఇచ్చాడు, సాయంత్రం తనూ వచ్చాడు. అమ్మాయి తాడు విసిరితే "అలా కాదు పాపా" అని లేచి, ఎదుటి మనిషి నడుముకి తాడు ఎలా చుడతారో చుట్టి చూపించాడు. ఆ చుట్టించుకున్న ఆంటీ వరదలో రెండు రోజులు మేడ మీద ఉన్న మనిషి. ఇన్నేళ్లలో ఆవిడ అతని చెల్లెలి దగ్గర చేపలు కొన్నారట గానీ ఈ మాట ఎప్పుడూ రాలేదట.

కుదరనివీ ఉన్నాయి. ఎనిమిది ఇళ్లు చాలా ఎక్కువ, మూడోరోజు చిన్నపిల్లలు అలిసిపోయి ఏడ్చారు. ఐదు చాలు. రెండు కుటుంబాలు అద్దె డ్రెస్సే తెచ్చాయి, వద్దని వెనక్కి పంపలేదు, పంపితే శిక్ష పిల్లకి పడుతుంది కదా. బహుమతి మీద మాటలు పోయిన రెండు ఇళ్లు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. తెలుగు గ్రూపు ఉగాది వేరుగానే చేసుకుంది, అందులో తప్పేమీ నాకు కనిపించదు, ఈసారి మిగతా బ్లాకులవాళ్లను పిలిచారు.

నేనింకో చోట చేస్తే

వీరుల జాబితాతో మొదలుపెట్టను. ఏ ఇంట్లో ఏ వస్తువుంది, ఎవరికి ఏ జ్ఞాపకం ఉంది అని తెలుసుకోవడంతో మొదలుపెడతాను. వాచ్‌మన్లకి, ఇస్త్రీ చేసేవాళ్లకి ఈ సమాచారం సెక్రటరీ కంటే ఎక్కువ తెలుసు. అభ్యంతరం వచ్చిన పేరుని తీసేయను, అభ్యంతరం చెప్పిన మనిషి ఇంటికే పిల్లని తీసుకెళతాను, అదీ మీటింగులో కాకుండా, చాలా రోజుల ముందు. ఇక పిల్లలకి చెప్పే మాటల కంటే చేసే పని వెతకడానికే ఎక్కువ సమయం పెడతాను. ఒక్కొక్క పని దొరకడానికి వారం పట్టింది, ఆ వారంలోనే పిల్లలు ఆ మనిషిని తెలుసుకున్నారు.

అల్లూరి బాబు దగ్గరికి వస్తాను. వాడు ఏ వేషమూ వేయనన్నాడు. బతిమాలలేదు. అడిగి తెచ్చిన వస్తువుల లెక్క ఎవరో ఒకరు రాయాలి కాబట్టి వాడికి ఒక నోటుబుక్ ఇచ్చాను. వస్తువు, ఇల్లు, తెచ్చిన రోజు, తిరిగిచ్చిన రోజు, సంతకం. మామూలు లాగూ చొక్కాతో ప్రతి జట్టు వెంటా తిరిగాడు. మూడో సాయంత్రం ఒక ఇంట్లో నర్సీపట్నం నుంచి వచ్చిన మామ్మగారు, "అందరూ వేషాలు వేశారు, నువ్వేం వేశావురా?" అన్నారు. వాడు నోటుబుక్ వైపు చూసుకుని, "పోయినేడు అల్లూరి వేశాను" అన్నాడు. ఆవిడ, మా ఊరివైపు మనిషే, ఏం చేశాడో చెప్పు అన్నారు.

నేను మధ్యలో కలగజేసుకోకుండా ఆగాను. వాడు నిలబడే చెప్పాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్లు. తుపాకులు తీసుకున్నాడు. దొంగతనంగా పట్టుకుపోలేదు, ఏమేం తీసుకున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. చెబుతూ చెబుతూ వాడే ఆగి, చేతిలో నోటుబుక్ ఎత్తి చూపించాడు. "ఇలాగే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే 'ఎ' బ్లాకుకి వెళ్లి, పిన్నీసులు తీసి మడిచిన గౌను పెద్దాయనకి ఇచ్చి, పుస్తకం తెరిచి, వేలితో గీత చూపించి సంతకం పెట్టించుకున్నాడు. పిన్నీసులు పద్నాలుగు, అవి కూడా లెక్క రాశాడు.